హైదరాబాద్‌లో స్టాఫ్‌కి అపాయింట్‌మెంట్ లెటర్ ఎలా రాయాలి: తెలంగాణ చట్టం ప్రకారం మొదట్నుంచి చివరిదాకా

చిన్న కంపెనీల వాళ్ళు చెక్ చేయమని పంపే అపాయింట్‌మెంట్ లెటర్లు చాలావరకు నెట్‌లో దొరికిన ఫార్మాట్లే, పేరు మార్చి జీతం మార్చి ప్రింట్ తీసినవి. ఈ మధ్య ఒకటి చూశా, ఆఫీసేమో కూకట్‌పల్లి, మనిషేమో అకౌంట్స్ చూసే అమ్మాయి, లెటర్‌లో మాత్రం "ఎట్ విల్ ఎంప్లాయ్‌మెంట్, ఎప్పుడైనా ఏ కారణం లేకుండా తీసేయొచ్చు" అని ఉంది, కింద జ్యూరిస్‌డిక్షన్ (గొడవైతే ఏ ఊరి కోర్టుకి వెళ్ళాలి అనేది) బెంగళూరు. ఎట్ విల్ అనేది అమెరికా పద్ధతి, మన దగ్గర చెల్లదు. ఇద్దరూ సంతకం పెట్టారు కదా అంటారు ఓనర్లు. పెట్టినా సరే అండి, చట్టం ఉద్యోగికి కనీసం ఇంత ఇవ్వాలి అని చెప్పాక దాన్ని లెటర్‌లో తగ్గించి రాస్తే ఆ లైన్ వరకు కాగితానికి విలువ లేదు, ఎక్కువిస్తామని రాస్తే మాత్రం అది మిమ్మల్ని కట్టేస్తుంది. ఈ ఒక్క సంగతి బుర్రలో పెట్టుకుని మిగతాది చదవండి.

మొదటి పని: ఏ చట్టం మీకు వర్తిస్తుందో తేల్చుకోవడం

ఇది చేయకుండా టైపింగ్ మొదలుపెట్టొద్దు. ఇక్కడ రెండు పొరలు ఉంటాయి, ఒకటి రాష్ట్రానిది, ఒకటి కేంద్రానిది.

రాష్ట్రం వైపు ముఖ్యమైనది షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ యాక్ట్ 1988. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన చట్టం, 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణ దాన్నే తన పేరు మీద అడాప్ట్ చేసుకుంది. అబిడ్స్‌లో బట్టల షాపు, అమీర్‌పేట్‌లో కోచింగ్ సెంటర్, మాదాపూర్‌లో డిజైన్ స్టూడియో, అన్నీ దీని కిందికే వస్తాయి, ఒక్క మనిషిని పెట్టుకున్నా సరే. ఫ్యాక్టరీ అయితే లెక్క వేరు, ఆ సంగతి ఇక్కడ మాట్లాడట్లేదు.

కేంద్రం వైపు 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, పాత 29 చట్టాలు వాటిలో కలిసిపోయాయి. వేతనాల కోడ్, ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్, సోషల్ సెక్యూరిటీ కోడ్, ఆక్యుపేషనల్ సేఫ్టీ కోడ్. కోడ్‌లు వచ్చాయి కాబట్టి షాప్స్ యాక్ట్ పోయిందని కొందరు అనుకుంటున్నారు, పోలేదు, అది రాష్ట్ర చట్టం, ఆ 29లో లేదు. రెండూ చూసుకోవాల్సిందే.

తర్వాత తలలు లెక్కపెట్టండి. 10 మంది ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా), పోష్ కమిటీ (పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసేది), అపాయింట్‌మెంట్ లెటర్ తప్పనిసరి అనే సేఫ్టీ కోడ్ రూల్ మొదలవుతాయి. 20కి పీఎఫ్. 50కి క్రెష్ (స్టాఫ్ పిల్లల్ని చూసుకునే చోటు). 300కి స్టాండింగ్ ఆర్డర్స్ (కంపెనీ రాసి పెట్టాల్సిన పని నియమాలు). ఆరుగురే ఉన్నారు కదా లెటర్ ఎందుకు అని అడగొద్దు, రేపు గొడవైతే జీతం ఎంత, ఎప్పుడు చేరాడు అనేది నోటిమాటతో తేలదు, ఇవ్వండి.

ఐటీ, ఐటీఈఎస్ (కాల్ సెంటర్, బీపీఓ లాంటివి) కంపెనీలకి ఇంకో మెలిక ఉంది. షాప్స్ యాక్ట్‌లో టైమింగ్స్, పని గంటలు, మహిళల నైట్ షిఫ్ట్ లాంటి కొన్ని సెక్షన్ల నుంచి ప్రభుత్వం వీళ్ళకి జీవోల ద్వారా మినహాయింపు ఇస్తూ వస్తోంది, అవి కొన్నేళ్ళకోసారి రెన్యూ అయ్యేవి, వాటికి కండిషన్లు కూడా ఉంటాయి. మీ లెటర్ తేదీ నాటికి జీవో నడుస్తోందా, మీ కంపెనీ నిజంగా ఐటీ కిందికే వస్తుందా అని చూసుకోండి. వెబ్‌సైట్ ఉన్నంత మాత్రాన ఫర్నిచర్ షాపు ఐటీ కంపెనీ అయిపోదు.

ఇంకొకటి, విజయవాడలో బ్రాంచ్ ఉంటే అక్కడి స్టాఫ్‌కి ఆంధ్రప్రదేశ్ చట్టం. మూలం ఒకటే అయినా సవరణలు, జీవోలు విడిపోయాయి, ఒకే ఫార్మాట్ రెండు చోట్లా వాడేయొద్దు.

ఆ మనిషి నిజంగా ఎవరు

నెలకి 30 వేలు ఇచ్చి, పొద్దున తొమ్మిదిన్నరకి రమ్మని, లీవ్‌కి పర్మిషన్ అడగమని, లెటర్‌లో మాత్రం "కన్సల్టెంట్" అని రాసి పది శాతం టీడీఎస్ కట్ చేసి పంపేస్తుంటారు, పీఎఫ్ తప్పించుకోవడానికి. పేరేం పెట్టారు అని ఎవరూ చూడరు, పని ఎవరి కంట్రోల్‌లో నడుస్తోంది, టూల్స్ ఎవరివి, ఇంకో చోట పనిచేసుకునే వీలు ఉందా అనేవి చూస్తారు. బర్కత్‌పురాలో పీఎఫ్ ఆఫీస్ నుంచి ఎంక్వైరీ వచ్చిన రోజు పాత బకాయి, వడ్డీ, డ్యామేజెస్ అన్నీ కలిపి కట్టాల్సి వస్తే మిగిల్చుకున్నది ఏమీ ఉండదు.

నిజంగా కొంతకాలానికే కావాలంటే దర్జాగా ఫిక్స్‌డ్ టర్మ్ అని రాయండి, మొదలు తేదీ, ముగింపు తేదీ వేసి. ఇప్పుడు చట్టమే ఒప్పుకుంటోంది. కాకపోతే అదే పనిచేసే పర్మనెంట్ మనిషికి ఇచ్చే జీతం, బెనిఫిట్స్ వీళ్ళకీ ఇవ్వాలి, ఏడాది పూర్తయితే గ్రాట్యుటీ (మానేసేటప్పుడు సర్వీసుని బట్టి ఇచ్చే మొత్తం) కూడా ఇవ్వాలి. మామూలు వాళ్ళకి గ్రాట్యుటీకి ఐదేళ్ళు అన్నది అలాగే ఉంది.

వర్కరా కాదా అన్నది కూడా ముందే అనుకోండి, రేపు తీసేసేటప్పుడు లెక్క దీన్ని బట్టే మారుతుంది. ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్‌లో మేనేజర్లు, అడ్మిన్ హోదా వాళ్ళు, 18 వేలు దాటిన జీతంతో సూపర్‌వైజర్ పని చేసేవాళ్ళు వర్కర్ కిందికి రారు. ఇక్కడ కూడా డెజిగ్నేషన్ కాదు, చేసే పని ముఖ్యం. బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చునే అబ్బాయికి "అసిస్టెంట్ మేనేజర్" అని కార్డు కొట్టిస్తే మేనేజర్ అయిపోడు.

జీతం పేజీ, అసలు తలనొప్పి ఇక్కడే

ఇన్నాళ్ళూ బేసిక్ తక్కువ పెట్టి అలవెన్సులు పెంచడం అందరూ చేసిందే. వేతనాల కోడ్‌లో ఇప్పుడు వేతనం అంటే ఏంటో నిర్వచనం ఉంది. హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె అలవెన్స్), కన్వేయన్స్ (రాకపోకల ఖర్చు), ఓవర్‌టైమ్, కమిషన్ లాంటి కొన్నిటిని వేతనంలోంచి తీసేయొచ్చు, కానీ అలా తీసేసినవన్నీ కలిపి మొత్తంలో సగం దాటితే ఆ దాటినంత మళ్ళీ వేతనంలోకి వచ్చి పడుతుంది.

అంకెల్లో చూద్దాం. నెలకి 40,000 ఇస్తున్నారు అనుకోండి. బేసిక్ 12,000, హెచ్ఆర్ఏ 16,000, కన్వేయన్స్ 12,000. తీసేసినవి 28,000, సగం అంటే 20,000, కాబట్టి 8,000 ఎక్కువైంది. అది బేసిక్‌కి కలుస్తుంది, చట్టం దృష్టిలో వేతనం 20,000. గ్రాట్యుటీ ఏడాదికి 15 రోజుల వేతనం, నెలని 26 రోజులుగా లెక్కేస్తారు, అంటే మీరు 12,000 మీద 6,923 అనుకున్నది 20,000 మీద 11,538 అవుతుంది. పీఎఫ్ 12 శాతం చొప్పున 1,440 కడుతున్న వాళ్ళు 15,000 సీలింగ్ వరకు లెక్కేసి 1,800 కట్టాలి, ఉద్యోగి వాటా అంతే, కంపెనీ వాటా అంతే. స్పెషల్ అలవెన్స్ అని పేరు మార్చినా లాభం లేదు, తీసేయొచ్చు అన్న లిస్టులో ఆ పేరు లేదు. అందుకే నేనైతే బేసిక్‌నే సగం పెట్టేయమంటా, నెలనెలా లెక్కలు తిప్పే బాధ తప్పుతుంది.

లెటర్ వెనక అనెగ్జర్‌లో సీటీసీ (ఆ మనిషి మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు) ఒక్క ముక్కలో రాసి వదిలేయకండి. గ్రాస్ ఎంత, కట్ అయ్యేవి ఏవి, చేతికి వచ్చేది ఎంత అన్నీ విడివిడిగా ఉండాలి. కటింగ్స్‌లో పీఎఫ్, జీతం 21,000 లోపు వాళ్ళకి ఈఎస్ఐ 0.75 శాతం (కంపెనీ 3.25 శాతం వేరేగా కడుతుంది), ప్రొఫెషనల్ ట్యాక్స్ తెలంగాణలో 15,000 దాకా లేదు, 20,000 దాకా 150, ఆ పైన 200. జీతం తర్వాతి నెల 7వ తేదీ లోపు పడాలి, లెటర్‌లో "10వ తేదీ తర్వాత" అని రాసినవి ఇంకా కనిపిస్తున్నాయి, మార్చండి. కనీస వేతనం కూడా చూసుకోండి, తెలంగాణలో వీడీఏ (ధరల్ని బట్టి మారే కరువు భత్యం) ఏప్రిల్, అక్టోబర్‌లలో మారుతుంది, ఆఫీస్ బాయ్, హౌస్‌కీపింగ్, సేల్స్ స్టాఫ్ విషయంలో ఇది ఎవరూ చూడరు.

"లేటుగా వస్తే 500 కట్" అనే లైన్ గురించి. జీతంలోంచి ఏది కోయొచ్చో కోడ్‌లోనే లిస్ట్ ఉంది. ఫైన్ వేయాలంటే దేనికి వేస్తారో ముందే అప్రూవల్‌తో నోటీసు పెట్టి ఉండాలి, మనిషికి సంజాయిషీ చెప్పుకునే ఛాన్స్ ఇవ్వాలి, అప్పుడు కూడా ఆ నెల వేతనంలో 3 శాతం దాటకూడదు. రాని గంటలకి జీతం తగ్గించడం వేరు, ఫైన్ వేరు. మొత్తం కటింగ్స్ అన్నీ కలిపి సగం జీతం దాటకూడదు.

గంటలు, సెలవులు

షాప్స్ యాక్ట్ ప్రకారం రోజుకి 8 గంటలు, వారానికి 48. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం ఒక జీవో ఇచ్చింది, కమర్షియల్ ఎస్టాబ్లిష్‌మెంట్లలో రోజుకి 10 గంటల దాకా పని చేయించొచ్చు, వారానికి మాత్రం 48 దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి, ఓవర్‌టైమ్ మూడు నెలల్లో 144 గంటలు దాటకూడదు. ఆరు గంటల పైన పని ఉంటే కనీసం అరగంట బ్రేక్, బ్రేకులతో కలిపి రోజు 12 గంటలు మించకూడదు. ఇది షాపులకి కాదు, గుర్తుపెట్టుకోండి. ఆఫీస్‌కి వర్తిస్తుంది, సేల్స్ కౌంటర్‌కి వర్తించదు. అదే ఓనర్‌కి కోఠిలో షాపు, హిమాయత్‌నగర్‌లో హెడ్ ఆఫీస్ ఉంటే రెండు లెటర్లలో గంటల క్లాజ్ వేరుగా ఉండాలి.

ఓవర్‌టైమ్ రెట్టింపు రేటు. "జీతంలోనే ఓవర్‌టైమ్ కలిసి ఉంది" అనే లైన్ తీసేయండి.

లీవులు: ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే 15 రోజుల పెయిడ్ లీవ్, 12 సిక్, 12 క్యాజువల్. జనవరి 26, మే 1, ఆగస్ట్ 15, అక్టోబర్ 2తో పాటు పండగ సెలవులు. ప్రొబేషన్‌లో లీవులు ఏవీ లేవు అని రాయడం అలవాటైపోయింది, సిక్, క్యాజువల్ లీవులు మొదటి ఏడాదికి కూడా ఉన్నాయి. మొదటి ఇద్దరు పిల్లల డెలివరీకి 26 వారాలు, దానికి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. పెళ్ళి, ప్రెగ్నెన్సీ మీద కండిషన్ పెట్టే క్లాజులు ఇంకా చూస్తున్నా, అలాంటివి రాసిచ్చి మీ మీద మీరే సాక్ష్యం తయారుచేసుకోవద్దు.

ప్రొబేషన్, నోటీస్, తీసేయడం

ఇక్కడ తీరిగ్గా రాయండి, లేబర్ ఆఫీస్ దాకా వెళ్ళే గొడవల్లో ఎక్కువగా కదిలేది ఈ పేజీయే.

షాప్స్ యాక్ట్ సెక్షన్ 47 చెప్పేది ఏంటంటే, ఆరు నెలలు ఏకధాటిగా పనిచేసిన మనిషిని సరైన కారణం లేకుండా తీసేయాలంటే కనీసం నెల రోజుల నోటీస్ రాతపూర్వకంగా ఇవ్వాలి, లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. మీ లెటర్‌లో ప్రొబేషన్ ఏడాది పెట్టి, ఆ ఏడాదంతా నోటీస్ లేకుండా పంపొచ్చు అని రాసుంటే, ఏడో నెల నుంచి ఆ లైన్ పనికిరాదు. అందుకే ప్రొబేషన్ ఆరు నెలలు పెట్టండి, పొడిగించాలనుకుంటే ఎన్ని నెలలో, ఏ కారణంతోనో మెయిల్‌లో కాదు లెటర్‌లోనే ఇవ్వండి, ఆరో నెల అయిపోక ముందే నిర్ణయం తీసుకోండి. కన్ఫర్మేషన్ లెటర్ ఇస్తేనే పర్మనెంట్ అని కూడా స్పష్టంగా ఉండాలి, లేకపోతే "టైమ్ అయిపోయింది కాబట్టి నేను కన్ఫర్మ్ అయిపోయినట్టే" అనే వాదన వస్తుంది.

వర్కర్ అయ్యుండి ఏడాది దాటిన మనిషిని, తప్పేం లేకపోయినా అవసరం లేదని తీసేస్తే రిట్రెంచ్‌మెంట్ లెక్క: నెల నోటీస్ లేదా జీతం, పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం, దాంతోపాటు తీసేసిన వాళ్ళు కొత్త పని నేర్చుకోవడానికని కొత్తగా వచ్చిన రీస్కిల్లింగ్ ఫండ్‌కి 15 రోజుల వేతనం. దీన్ని లెటర్‌లో మొత్తం రాయక్కర్లేదు, దీనికి అడ్డం పడే మాట మాత్రం లేకుండా చూసుకోండి.

దొంగతనం, మోసం లాంటి తప్పుల మీద తీసేయాలంటే ఆరోపణ కాగితం, వివరణకి టైమ్, ఎంక్వైరీ, ఆర్డర్ ఉండాలి. "తప్పు చేస్తే తక్షణమే తొలగింపు" అనే ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఎంక్వైరీ లేకుండా పంపేయాలనిపిస్తుంది, తర్వాత లేబర్ ఆఫీసులో అప్పీల్‌కి సమాధానం చెప్పుకోవాలి.

నోటీస్ క్లాజ్ నేనైతే ఇలా రాస్తా: "కన్ఫర్మేషన్ తర్వాత ఏ పక్షమైనా 60 రోజుల రాతపూర్వక నోటీసుతో గానీ, మిగిలిన రోజులకి వేతనం చెల్లించి గానీ ఈ ఉద్యోగాన్ని ముగించవచ్చు. చట్టం ఉద్యోగికి ఇంతకంటే ఎక్కువ రక్షణ ఇచ్చిన చోట చట్టమే వర్తిస్తుంది." రెండో వాక్యం చిన్నదే, చాలా కాపాడుతుంది. కంపెనీకి 30, ఉద్యోగికి 90 అని ఏకపక్షంగా పెట్టొద్దు, చూడగానే వంకర కనిపిస్తుంది.

ఫుల్ అండ్ ఫైనల్ (మానేసినప్పుడు చివరి లెక్క తేల్చి ఇవ్వడం) గురించి పాత లెటర్లలో "45 రోజుల్లో" అని ఉంటుంది కదా, వేతనాల కోడ్ ప్రకారం మీరు తీసేసినా ఆయనే రిజైన్ చేసినా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. ల్యాప్‌టాప్ రిటర్న్, హ్యాండోవర్ చెక్‌లిస్ట్ ఆఖరి వారంలోనే మొదలయ్యేలా క్లాజ్ రాసుకోండి, లేకపోతే రెండు రోజుల్లో అకౌంట్స్ వాళ్ళ వల్ల కాదు.

బాండ్లు, పోటీ కంపెనీలు

"సార్, ఇక్కడ నేర్చుకుని పక్క సందులో వాడి దగ్గర చేరిపోతారు, ఏం చేయాలి?" అని అడగని ఓనర్ లేడు. బాధ నిజమే. కానీ ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ 1872 సెక్షన్ 27 ప్రకారం మనిషిని తన వృత్తి చేసుకోనీయకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం వేరే చోట పని చేయొద్దు అనొచ్చు. మానేశాక రెండేళ్ళు హైదరాబాద్‌లో ఏ కాంపిటీటర్ దగ్గరా చేరొద్దు అంటే నిలవదు. సీక్రెట్ సమాచారం, క్లయింట్ డేటా తీసుకుపోవద్దు అనేది వేరే, అది నిలుస్తుంది, దాన్ని గట్టిగా రాసుకోండి, ఏది సీక్రెట్టో పేర్లతో సహా: కస్టమర్ లిస్ట్, రేట్లు, సోర్స్ కోడ్, రెసిపీ, ఏది మీదైతే అది.

బాండ్ సంగతి కొంచెం మారింది. 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్ళు పనిచేయాలి, మధ్యలో మానేస్తే 2 లక్షలు కట్టాలి అన్న కండిషన్ చెల్లుతుంది అంది. అది చదివి ఇక్కడ ట్రైనింగ్ కూడా ఇవ్వని ఆఫీసులు 5 లక్షల బాండ్లు రాయించుకోవడం మొదలుపెట్టాయి. ఆ కేసులో ఉన్నది ప్రభుత్వ రంగ బ్యాంకు, మనిషి సీనియర్ మేనేజర్ స్థాయి, మళ్ళీ రిక్రూట్‌మెంట్ చేయాలంటే బహిరంగ నోటిఫికేషన్‌తో ఖర్చు పెట్టాలి. మీరు 22 వేల జీతానికి ఫ్రెషర్‌ని పెట్టుకుని 5 లక్షలు అంటే కోర్టు అడిగేది ఒక్కటే, మీకు నిజంగా ఎంత నష్టం వచ్చింది అని. అదే కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 74 ప్రకారం రాసుకున్న అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, న్యాయమనిపించినంతే ఇప్పిస్తారు. కాబట్టి ట్రైనింగ్‌కి పెట్టిన ఖర్చు బిల్లులు దగ్గర పెట్టుకోండి, ఆ అంకెనే బాండ్‌లో వేయండి, నెలలు గడిచేకొద్దీ తగ్గేలా రాయండి. డబ్బు అడగొచ్చు గానీ, మనిషిని బలవంతంగా పనిలో కూర్చోబెట్టమని ఏ కోర్టూ చెప్పదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టడం వద్దే వద్దు. చూసి, జిరాక్స్ తీసుకుని, అదే రోజు తిరిగిచ్చేయండి. బ్లాంక్ చెక్కులు కూడా అంతే. స్టాంప్ పేపర్ మీద రాశాం కదా అంటారు, చెల్లని షరతు స్టాంప్ పేపర్ మీద కూడా చెల్లదు.

చివరి పేజీ

పోష్ కమిటీ వివరాలు, కంపెనీ పాలసీలు ఎక్కడ దొరుకుతాయో ఒక పేరాలో చాలు. ట్రాన్స్‌ఫర్ క్లాజ్ పెడితే ఏ ఊళ్ళకి, ఎన్ని రోజుల ముందు చెప్తారో ఉండాలి. జ్యూరిస్‌డిక్షన్ హైదరాబాద్ అని రాయండి, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక ప్రైవేట్ బ్యాంక్ ఉద్యోగుల కేసులో ఇలా ఒకే ఊరి కోర్టులు అని రాసుకోవడం తప్పు కాదంది, ఆ ఊరికి ఆ ఉద్యోగంతో నిజంగా సంబంధం ఉంటే. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో లేబర్ డిపార్ట్‌మెంట్ ఆఫీసు ఉన్న అంజయ్య భవన్‌కి వెళ్ళి కంప్లయింట్ పెట్టుకునే హక్కుని మాత్రం ఏ క్లాజూ ఆపలేదు.

లెటర్ చేరే రోజుకి ముందే చేతికివ్వండి, చదువుకోవడానికి రెండు రోజులైనా ఉండాలి. డ్రైవర్లకి, షాపు స్టాఫ్‌కి, హౌస్‌కీపింగ్ వాళ్ళకి తెలుగులోనో ఉర్దూలోనో హిందీలోనో కూడా ఒక కాపీ ఇవ్వండి, ఇంగ్లీష్ రాని మనిషి తొమ్మిది పేజీల ఇంగ్లీష్ మీద పెట్టిన సంతకం రేపు మీకే ఇబ్బంది. ప్రతి పేజీ మీద సంతకాలు, రెండు సెట్లు, ఒకటి వాళ్ళకి. ఆధార్ ఈ-సైన్ అయినా ఫర్వాలేదు.

ఇప్పటికే పనిచేస్తున్న పాత స్టాఫ్‌కి లెటర్లు లేకపోతే, కోడ్ అమల్లోకి వచ్చిన మూడు నెలల్లో ఇవ్వాలన్నారు, ఆ గడువు 2026 ఫిబ్రవరితో అయిపోయింది, ఇంకా ఇవ్వనివాళ్ళు ఈ వారంలోనే పని కానిచ్చేయండి. ఇందులో జరిగే పెద్ద పొరపాటు తేదీది. 2019లో చేరిన మనిషికి ఇప్పుడు లెటర్ ఇస్తూ చేరిన తేదీ కూడా ఇప్పటిదే వేస్తారు, కావాలని కాదు, ఫార్మాట్‌లో ఒకే తేదీ గడి ఉంటుంది. దాంతో ఆయన సర్వీసు కాగితం మీద పోతుంది, గ్రాట్యుటీ లెక్క దగ్గర పీఎఫ్ రికార్డులో ఒక తేదీ, లెటర్‌లో ఒక తేదీ ఉండి రెండూ కొట్టుకుంటాయి. రెండు గడులు పెట్టండి, లెటర్ ఇచ్చిన తేదీ ఇప్పటిది, ఉద్యోగంలో చేరిన తేదీ 2019ది, కింద "సర్వీసు చేరిన తేదీ నుంచే నిరంతరంగా లెక్కించబడుతుంది" అని ఒక లైన్ వేసి సంతకం తీసుకోండి.